కంపెనీకి అసలు యజమాని ఎవరు? ప్రజల ఎరుక, వ్యక్తి గోప్యత

మన గ్రామాల పాత పహాణీలలోను, అడంగళ్లలోను రెండు గడులు ఉండేవి. ఒకటి పట్టాదారుది, రెండవది అనుభవదారుది. భూమి ఎవరి పేరున ఉన్నదో మొదటి గడి చెప్పేది. ఆ భూమి ఎవరి చేతిలో ఉన్నదో రెండవ గడి చెప్పేది. రెండు గడులలోను ఒకే పేరు ఉన్నచోట పేచీ లేదు. పేర్లు వేరైనప్పుడే కరణం మొదలు న్యాయస్థానం వరకు అందరికీ పని పడేది.

కంపెనీల రికార్డులలో ఈ రెండవ గడి చాలాకాలం లేనే లేదు. వాటా ఎవరి పేరున నమోదై ఉన్నదో అంతవరకే చట్టం చూసేది. ఆ పేరు వెనుక నిలిచి లాభం అనుభవించేది ఎవరు, ఓటు ఎవరి మాట ప్రకారం పడుతున్నది అన్న ప్రశ్నలు రిజిస్టరు పుటలకు ఎక్కేవి కావు. ఇటీవలి దశాబ్దాలలో మన దేశంతోపాటు అనేక దేశాలు ఈ రెండవ గడిని తెరిచాయి. అయితే దానిని నింపడం ఎలాగన్నది ఒక సమస్య కాగా, నింపిన దానిని ఎవరు చూడవచ్చునన్నది అంతకంటె చిక్కు సమస్య అయి కూర్చున్నది. ఒకవైపు ప్రజలకు తెలుసుకునే హక్కు ఉన్నది. మరొకవైపు ప్రతి మనిషికి తన ఇంటి గడప లోపలి సంగతులు తనవిగా ఉంచుకునే హక్కు ఉన్నది. ఈ రెండింటికీ పొందిక ఎలా కుదురుతున్నదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బహిరంగతకు మూలం

మన దేశంలో ఉమ్మడి మూలధన కంపెనీల నమోదుకు మొదటి చట్టం 1850లో వచ్చింది. 1857 నాటి చట్టం పరిమిత బాధ్యత అనే సూత్రాన్ని తెచ్చింది. కంపెనీ దివాలా తీసినా వాటాదారు తాను పెట్టిన సొమ్మువరకే నష్టపోతాడు. అతని ఇల్లు, పొలం అప్పులవారి చేతికి పోవు. ఈ రక్షణ లేనిదే రైలు మార్గాలు, జౌళి మిల్లులు, గనులు వంటి పెద్ద పనులకు వేలమంది నుంచి డబ్బు సమకూడి ఉండేది కాదు.

కాని ఈ రక్షణకు ఒక ప్రతిఫలం ఉన్నది. వాటాదారు ఆస్తిని తాకలేని రుణదాతకు, తాను వ్యవహరిస్తున్నది ఎవరితోనో తెలుసుకునే అవకాశమైనా ఉండాలి. కాబట్టే కంపెనీ పేరు, కార్యాలయం చిరునామా, డైరెక్టర్ల పేర్లు, సభ్యుల జాబితా ప్రభుత్వ రిజిస్ట్రారు వద్ద నమోదు కావాలన్న నియమం ఏర్పడింది. కంపెనీ అనేది ప్రకృతి సృష్టించిన మనిషి కాదు. సమాజం చట్టం ద్వారా ఇచ్చిన రూపం అది. ఆ రూపాన్ని ఇచ్చిన సమాజానికి దానిని గురించి అడిగే అధికారం ఉన్నదన్నది ఈ వాదానికి పునాది.

పేరు ఒకరిది, ఫలం ఒకరిది

‘బినామీ’ అన్న మాట మనకు పారసీకం నుంచి వచ్చింది. ‘బే’ అనగా లేని, ‘నామ్’ అనగా పేరు. హిందీ పత్రికలలోను, తెలుగు పత్రికలలోను ఈ మాట ఒకే అర్థంలో వాడుకలో ఉన్నది. ఆస్తి ఒకరి పేరున ఉండి, దాని ధర చెల్లించినవారు, ఫలం అనుభవించేవారు వేరొకరు కావడం బినామీ వ్యవహారం. దీనిని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. 2016లో దానికి విస్తృతమైన సవరణ జరిగింది.

కంపెనీల చట్టంలో కథ మరికొంత విచిత్రంగా నడిచింది. 1956 చట్టంలోని 153వ సెక్షను ప్రకారం, వాటాలు ఎవరి తరఫుననో ధర్మకర్త హోదాలో ఉన్నాయన్న సంగతిని సభ్యుల రిజిస్టరులో రాయనే రాదు. కంపెనీకి తలనొప్పులు తగ్గించడానికి పెట్టిన నియమం అది. దాని ఫలితంగా పేరుకు, ఫలానికి మధ్య తెర పడింది. 1974 సవరణతో చేరిన 187-సి సెక్షను ఆ తెరను కొంత తొలగించింది. వాటాలో తనకు లబ్ధి ఉన్నదని అసలు వ్యక్తి, తాను పేరుకు మాత్రమే ఉన్నానని నమోదిత వ్యక్తి కంపెనీకి ప్రకటన ఇవ్వాలని అది నిర్దేశించింది. ఈ ఏర్పాటే 2013 చట్టంలో 89వ సెక్షనుగా కొనసాగుతున్నది.

అయినా, వాటాదారు మనిషి కాక మరొక కంపెనీయే అయినప్పుడు ఈ ప్రకటనలు సరిపోవు. ఒక ఉదాహరణ చూద్దాం. ‘క’ అనే కంపెనీ పురపాలక సంఘం నుంచి రోడ్డు పని దక్కించుకున్నదనుకుందాం. దాని వాటాలలో 40 శాతం ‘ఖ’ అనే కంపెనీవి. ‘ఖ’ వాటాలలో 60 శాతం ‘గ’ అనే కంపెనీవి. ‘గ’ వాటాలలో 75 శాతం ఒక వ్యక్తివి. ‘క’ సభ్యుల జాబితా చూసినవారికి ‘ఖ’ పేరే కనబడుతుంది. ఆ వ్యక్తి ఆ మున్సిపాలిటీలో పలుకుబడి గలవారి బంధువే కావచ్చు. అదే టెండరుకు పోటీగా వచ్చిన మరొక కంపెనీకీ ఆయనే యజమాని కావచ్చు. జాబితా మాత్రం ఆ సంగతి చెప్పదు.

ఈ లోటు తీర్చడానికే 2013 చట్టంలోని 90వ సెక్షనును 2017 సవరణ చట్టం తిరగరాసింది. దాని కింద 2018లో నిబంధనలు వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో వాటిని సవరించారు. వీటి ప్రకారం పరోక్షంగా గాని, ప్రత్యక్ష పరోక్ష మార్గాలు రెండింటినీ కలిపి గాని వాటాలలో, ఓటు హక్కులలో లేదా పంచదగిన డివిడెండులో కనీసం 10 శాతం గల వ్యక్తి ‘గణనీయ లబ్ధిదారు యజమాని’ అవుతాడు. వాటా శాతంతో నిమిత్తం లేకుండా కంపెనీపై గణనీయమైన ప్రభావం గాని, అదుపు గాని ఉన్నా ఆ కోవకే వస్తాడు. కేవలం తన పేరుననే నేరుగా వాటాలు ఉన్నవారికి ఈ ప్రకటన అవసరం లేదు. వారి పేరు ఎలాగూ సభ్యుల రిజిస్టరులో ఉంటుంది.

మన ఉదాహరణలోని వ్యక్తికి ‘గ’లో సగానికి మించి వాటా ఉన్నది. ‘ఖ’కు ‘గ’ యే మాతృసంస్థ. కనుక ‘ఖ’ చేతిలోని 40 శాతమంతా ఆయన పరోక్ష వాటాగా లెక్కకు వస్తుంది. శాతాలను వరుసగా గుణిస్తే వచ్చేది 18 మాత్రమే. కాని అదుపు ఎవరిదో చూడడమే చట్టం ఉద్దేశం కాబట్టి అది గుణకారాన్ని పట్టించుకోలేదు. ఆయన బెన్-1 అనే ఫారంలో కంపెనీకి ప్రకటన ఇవ్వాలి. కంపెనీ 30 రోజులలో బెన్-2 ద్వారా రిజిస్ట్రారుకు తెలపాలి. బెన్-3 రూపంలో రిజిస్టరు నిర్వహించాలి. అనుమానం ఉన్నవారిని బెన్-4 నోటీసుతో కంపెనీయే అడగాలి. ప్రకటన ఇవ్వని వ్యక్తికి 50 వేల రూపాయల జరిమానా, ఉల్లంఘన కొనసాగితే రోజుకు వేయి చొప్పున గరిష్ఠంగా 2 లక్షల వరకు అదనపు జరిమానా ఉన్నవి.

తెలియకపోతే నష్టం ఎవరికి?

ఇది ధనికుల మధ్య లెక్కల వ్యవహారమని చదువరులు అనుకోవచ్చు. నిజానికి నష్టం ముందుగా తగిలేది సామాన్యులకే. జీతాలు ఎగవేసి మూతపడిన కంపెనీ కార్మికుడికి ఆ యజమానులే పక్క వీధిలో వేరే పేరుతో కొత్త కంపెనీ తెరిచారేమో తెలియాలి. డిపాజిట్టు కట్టే ఉపాధ్యాయుడికి, సరుకు అరువు ఇచ్చే చిన్న వర్తకుడికి ఎదుటి సంస్థ ఎవరిదో తెలియాలి. వ్యాపారమే చేయకుండా కాగితాలపై నిలిచిన కంపెనీలు పన్ను ఎగవేతకు, అక్రమ ధనం దాచడానికి సాధనాలు కావడం దేశం చూసింది. 2017-18లో మన ప్రభుత్వం 2 లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి తొలగించింది. అంతకు ముందు 2016 ఏప్రిల్‌లో వెలువడిన పనామా పత్రాలు, సుమారు 1 కోటి 15 లక్షల దస్తావేజులతో, ఈ వ్యవహారం ఎన్ని దేశాల సరిహద్దులు దాటి పోయిందో లోకానికి చూపాయి.

తెలుగువారు మరవరాని ఉదాహరణ హైదరాబాదులోనే ఉన్నది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంస్థ లెక్కల మోసం బయటపడింది. ఆ సంస్థ ప్రవర్తకుల వాటాలు తాకట్టులో ఉండి, రుణదాతలు వాటిని అమ్మివేస్తున్న సంగతి సామాన్య వాటాదారులకు చాలా ఆలస్యంగా తెలిసింది. అదే నెలలో సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ బోర్డు, ప్రవర్తకుల వాటాల తాకట్టును బహిరంగంగా వెల్లడించడం తప్పనిసరి చేసింది. యాజమాన్యపు సమాచారం కాలానికి అందకపోవడమే ఒక నష్టమని ఆ సంఘటన నేర్పింది.

తెలిస్తే నష్టం ఎవరికి?

నాణేనికి రెండవ వైపు కూడ అంతే వాస్తవమైనది. ఇంట్లోనే చిన్న కంపెనీ పెట్టుకున్న మహిళకు నమోదిత కార్యాలయం, నివాసం ఒకటే. వేధించే భర్త నుంచి దూరంగా వచ్చి బతుకుతున్న స్త్రీకి తన చిరునామా ఎవరైనా చూడగల రికార్డులో ఉండడం ప్రాణాపాయం కావచ్చు. పాన్ సంఖ్య, పుట్టిన తేదీ, సంతకం నమూనా ఒకచోట దొరికితే మోసగాళ్లకు ఇంకొకరి పేరుతో అప్పు తీసుకోవడానికి దారి దొరుకుతుంది.

ఇవి ఊహాజనితమైన భయాలు కావు. బ్రిటన్‌లో జంతువులపై ప్రయోగాలు జరిపే ఒక సంస్థ అధికారిపై 2001లో ఇంటివద్దనే దాడి జరిగింది. ఆనాడు డైరెక్టర్ల నివాస చిరునామాలు బహిరంగ రికార్డులో ఉండేవి. దాని తరువాత ప్రమాదంలో ఉన్నవారికి 2002లో గోప్యతా ఉత్తర్వులు ఇవ్వసాగారు. 2006 చట్టం కింద 2009 అక్టోబరు నుంచి డైరెక్టర్లందరికీ, నివాసం బదులు ఉత్తరాలు అందే మరొక చిరునామాను బహిరంగ రికార్డులో ఇచ్చే వీలు కలిగింది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కుకు ప్రభుత్వం పరిమితి విధించాలంటే దానికి ఒక చట్టం ఉండాలి, ఉద్దేశం న్యాయమైనది కావాలి, తీసుకునే చర్య ఆ ఉద్దేశానికి తగినంత మేరకే ఉండాలి. మన చర్చకు ఈ మూడవ షరతే ముఖ్యం. సమాచారం అడగవచ్చునా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఎంత అడగాలి, ఎవరికి చూపాలి అన్నవి కూడ ప్రశ్నలే.

ఇతర దేశాల అనుభవం

బ్రిటన్ 2016 ఏప్రిల్ 6 నుంచి కంపెనీలలో 25 శాతానికి మించిన అదుపు గలవారి వివరాలను నమోదు చేయించి, అందరికీ ఉచితంగా చూపుతున్నది. అయితే పుట్టిన నెల, సంవత్సరం మాత్రమే కనబడతాయి, తేదీ కనబడదు. నివాస చిరునామా మరుగున ఉంటుంది. హింసకు, బెదిరింపుకు గురి కాగలవారు కారణం చూపి తమ వివరాలను మరుగుపరచమని కోరవచ్చు. తొలినాళ్లలో అక్కడి లోపం మరొకచోట ఉండేది. ఇచ్చిన వివరాలు నిజమో కాదో రిజిస్ట్రారు పరీక్షించేవాడు కాదు. 2023 చట్టంతో ఆ అధికారం వచ్చింది. 2025 నవంబరు 18 నుంచి గుర్తింపు నిర్ధారణ తప్పనిసరి కావడం మొదలైంది.

యూరోపియన్ యూనియన్ 2018 ఆదేశంతో లబ్ధిదారుల రిజిస్టర్లను సామాన్య ప్రజలందరికీ తెరిచింది. లక్సెంబర్గ్ నుంచి వచ్చిన కేసులలో యూరోపియన్ న్యాయస్థానం 2022 నవంబరు 22న ఆ నియమాన్ని కొట్టివేసింది. న్యాయమైన అవసరం ఎవరికి ఉన్నదో నిర్వచించడం కష్టమైనంత మాత్రాన అందరికీ తలుపు తెరవడం సమర్థనీయం కాదన్నది న్యాయస్థానం మాటల సారాంశం. అదే తీర్పు పత్రికలకు, అక్రమ ధనంపై పోరాడే పౌరసంస్థలకు ఆ అవసరం ఉన్నదని గుర్తించింది. తీర్పు వెలువడగానే కొన్ని దేశాలు రిజిస్టర్లను పూర్తిగా మూసివేయగా విలేఖరుల పని ఆగిపోయింది. 2024 ఆదేశం వీరికి మళ్లీ దారి చూపింది.

అమెరికాలో మార్గం వేరు. 2021 చట్టం కింద 2024 జనవరి నుంచి వివరాలు ఆర్థిక నేరాల విభాగానికి అందాలి, ప్రజలకు చూపరు. కాని 2025 మార్చిలో అమెరికన్ కంపెనీలన్నిటికీ ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇక మన పొరుగున పాకిస్తాన్ 2020లో తన కంపెనీల చట్టానికి అంతిమ లబ్ధిదారుల నమోదు నియమాన్ని చేర్చింది. అంతర్జాతీయ ఆర్థిక కార్యాచరణ దళం 2022 మార్చిలో సవరించిన సూత్రాలు కూడ అధికారులకు సరైన సమాచారం సత్వరం అందాలంటాయే గాని, రిజిస్టరు బహిరంగంగా ఉండి తీరాలని అనవు. ఆ నిర్ణయాన్ని ఒక్కొక్క దేశానికే వదిలిపెట్టాయి.

మన గీత ఎక్కడ ఉన్నది?

మన చట్టంలో గీత ఒకే తీరుగా లేదు. 94వ సెక్షను ప్రకారం కంపెనీ సభ్యుల రిజిస్టరును సభ్యులే కాదు, రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. అయితే 2022 ఏప్రిల్ సవరణతో సభ్యుల చిరునామా, ఈమెయిల్, పాన్ సంఖ్య, విశిష్ట గుర్తింపు సంఖ్య చూపరాదని నియమం వచ్చింది. పేరు, వాటాల సంఖ్య తెరిచే ఉన్నాయి. పాన్, చిరునామా మూతపడ్డాయి. స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీలు మూడు నెలలకు ఒకసారి ఇచ్చే వాటాల వివరాలకూ ఇదే పద్ధతి వర్తిస్తున్నది. ప్రవర్తకుల పేర్లు, 1 శాతానికి తగ్గని వాటా గలవారి పేర్లు కనబడతాయి, పాన్ సంఖ్య కనబడదు.

కాని 90వ సెక్షను కింద కంపెనీ వద్ద ఉండే లబ్ధిదారుల రిజిస్టరును చూసే హక్కు ఆ కంపెనీ సభ్యులకే ఉన్నది. ఒక్కసారి చూడడానికి రుసుము 50 రూపాయలకు మించరాదు. దీనిని బట్టి ఒక విడ్డూరం కనబడుతున్నది. మన పహాణీ పోలికలో చెప్పాలంటే, పట్టాదారు గడిని ఎవరైనా చూడవచ్చు, అనుభవదారు గడి మాత్రం ఇంటివారికే. అసలు సంగతి ఉన్నది రెండవ గడిలోనే. ఆ రెండవ గడిని చూడవలసిన కార్మికుడు గాని, అరువు ఇచ్చే వర్తకుడు గాని, టెండరులో ఓడిన చిన్న కాంట్రాక్టరు గాని ఆ కంపెనీ సభ్యుడై ఉండడు.

సమాచార హక్కు చట్టం వైపు కూడ మార్పు వచ్చింది. 2005 చట్టంలోని 8(1)(జె) ప్రకారం, ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారానికే మినహాయింపు ఉండేది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే దానినీ ఇవ్వవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ షరతులు తొలగించి, వ్యక్తిగత సమాచారమంతటినీ మినహాయింపు పరిధిలోకి తెచ్చింది. ఈ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. హాని కంటె ప్రజాప్రయోజనం మిన్న అయితే సమాచారం ఇవ్వవచ్చుననే 8(2) మాత్రం యథాతథంగా ఉన్నది. మరొకవైపు అదే 2023 చట్టం, ఏదైనా శాసనం ప్రకారం బహిరంగపరచవలసిన వ్యక్తిగత సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. దీని తాత్పర్యం ఏమంటే, ఒక వివరాన్ని బహిరంగం చేయాలని కంపెనీల చట్టం ఒకసారి నిర్ణయిస్తే, ఆ తరువాత దానికి ఈ కొత్త చట్టపు రక్షణ అందదు. కనుక ఏ గడిని తెరవాలి, దేనిని మూయాలి అన్నది నియమం రాసేనాడే ఆలోచించి తీరాలి.

పొందికకు మార్గాలు

పై అనుభవాలన్నిటినీ కలిపి చూస్తే కొన్ని సూత్రాలు తేలుతాయి. మొదటిది, వ్యక్తిని కాక వివరాన్ని విభజించాలి. పేరు, వాటా, అదుపు తీరు, పుట్టిన నెల, సంవత్సరం ఒక తరగతి. ఇంటి చిరునామా, గుర్తింపు సంఖ్యలు, ఫోను మరొక తరగతి. యజమాని ఎవరో ప్రజలకు తెలియడానికి మొదటి తరగతి చాలు. రెండవది దర్యాప్తు అధికారులకే అవసరం. ఒకే పేరు గల ఇద్దరిని వేరుచేయడానికి పాన్ సంఖ్యే బయటపెట్టనక్కరలేదు, పుట్టిన నెల, సంవత్సరం చాలావరకు ఆ పని చేస్తాయి.

రెండవ సూత్రం, అదుపు ఎంత ఎక్కువైతే వెల్లడి అంత ఎక్కువ కావాలి. పెన్షను సొమ్ముతో నూరు వాటాలు కొన్న వృద్ధురాలిని, కంపెనీని తన చూపుడు వేలితో నడిపించే వ్యక్తిని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 10 శాతం వంటి హద్దులు ఈ భేదం కోసమే ఉన్నాయి. ప్రభుత్వ కాంట్రాక్టులు, గనుల లీజులు, ప్రజల డిపాజిట్లు పొందే కంపెనీల విషయంలో వెల్లడి మరింత విస్తృతంగా ఉండాలనడం సబబు. ప్రజల సొమ్ము తీసుకునేవారు ప్రజలకు ముఖం చూపవలసిందే.

మూడవది, ప్రాణభయం ఉన్నవారికి మినహాయింపు ఉండాలి. అయితే అది ఆధారం చూపి, నిర్ణీత కాలానికి, ఒక అధికారి నమోదు చేసిన కారణంతో మాత్రమే లభించాలి. ‘నాకు ఇష్టం లేదు’ అన్నది కారణం కాజాలదు. నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది, నమోదైన వివరం నిజం కావాలి. తప్పుడు పేరు ఉన్న రిజిస్టరు వల్ల నేరస్థుడు దాగుతాడు, ఆ పేరు గల అమాయకుడు చిక్కుకుంటాడు. పారదర్శకతకు, గోప్యతకు ఏకకాలంలో హాని చేసేది అసత్యమే.

భారతదేశం ఒకే విపణి. కలకత్తాలో నమోదైన కంపెనీ గుంటూరులో గిడ్డంగి కట్టవచ్చు, హైదరాబాదులో నమోదైనది అస్సాంలో వంతెన కట్టవచ్చు. ఆ గిడ్డంగిలో సరుకు దాచుకునే రైతుకు, ఆ వంతెనపై నడిచే బాటసారికి దాని యజమానిని ముఖాముఖి ఎరిగే అవకాశం లేదు. రికార్డు ఒక్కటే ఆ ఎరుకకు ఆధారం. ఆ రికార్డులో యజమాని ఇంటి దారి ఉండనవసరం లేదు. ఆయన పేరు మాత్రం ఉండాలి, అది నిజమైన పేరు కావాలి, అవసరం ఉన్నవారి కంటికి అందాలి. కంపెనీ సభ్యులకు మాత్రమే తెరిచి ఉన్న రెండవ గడిని, చిరునామా, గుర్తింపు సంఖ్యలు మూసి ఉంచి, తక్కిన పౌరులకు కూడ చూపడం సాధ్యమే. సభ్యుల రిజిస్టరు విషయంలో మన నియమాలు 2022లోనే ఆ పద్ధతిని అనుసరించాయి.